పెదవి కలిసే మాటలు

ఆ ఎండాకాలం మా క్వార్టర్‌లో ఒకే దెబ్బకు మూడు పేర్లుండేవి. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆటలో తూటాలు తగిలితే మనిషి కూలబడతాడు. చచ్చిపోడు, మోకాళ్ళ మీద పాకుతుంటాడు. జతగాడు వచ్చి లేపితే లేస్తాడు, రాకపోతే అప్పుడు పోతాడు. అలా కూలబడినప్పుడు మా ఆయన రఘుపతి "నాక్ అయిన" అనేవాడు. పక్క క్వార్టర్ శాంతిరాజ్ "డౌన్, డౌన్" అని అరిచేవాడు. మేమెన్నడూ మొహం చూడని చీరాల తమ్ముడొకడు ఫోన్‌లోంచి "పడ్డా అన్నా, లేపన్నా" అని బతిమాలేవాడు.

వంటింటి గడపలో కూచుని బియ్యం ఏరుకుంటూ నేను వినేదాన్ని. మాది ఇక్కడికి దగ్గర్లోని జైపూర్ అవతల ఊరు. ఊళ్ళో బడి, బడి వెనకాల పత్తి చేలు. నాకు మాట్లాడడం తక్కువ. పెళ్ళయి ఈ బొగ్గుగనుల కాలనీకి వచ్చిన కొత్తలో వీళ్ళ మాటలు ఒక్కటీ తెలిసేవి కావు. నెట్టు మందగించి బొమ్మ ఆగిపోతే రఘుపతి "లాగ్" అంటాడు, శాంతిరాజ్ "పింగ్ కొడ్తాంది" అంటాడు, చీరాల తమ్ముడు "ఇరుక్కుపోయా" అంటాడు. గడ్డిలో పడుకుని కదలకుండా మాటువేసేవాడు ఒకరికి క్యాంపర్, ఒకరికి పాము, ఒకరికి నక్కినోడు. ముగ్గురూ ఒకే ఆట ఆడతారు, ఒకరి మాట ఒకరు తీసుకోరు. మా ఊళ్ళో ఆనిగెపుకాయ అనేదాన్ని వెనక వీధి కోస్తావాళ్ళు సొరకాయ అంటారు, కూర ఒకటే. ఇదీ అట్లాంటిదేనని సరిపెట్టుకున్నాను.

ఆ మూడు మాటల్లో ఒక్కటీ వినబడని మనిషి ఇంట్లో ఒకడున్నాడు. మా మామ పోశం.

మామది బాయి పని. ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. భూమి లోపల బొగ్గుకు రంధ్రాలు వేసే మిషన్ పక్కన నిలబడి నిలబడి చెవులు పోయాయి. ఆ ఏడు హోలీ పోయిన కొన్నాళ్ళకు ఆయన పనిచేసే చోట కప్పు పలికింది. నెత్తి మీది కప్పు కూలేముందు సన్నగా చిటపటలాడుతుందట. అది విని మనుషులు ఉరుకుతారు. ఆ రోజు అందరూ ఉరికారు, మామ ఒక్కడే మిషన్ దగ్గర నిలబడి ఉన్నాడు. కొమురెల్లి అనే జతగాడు తిరిగొచ్చి నడుం బెల్టు పట్టి గుంజుకుపోయాడు. వాళ్ళు అటు జరిగాక ఇటు కప్పు దిగింది.

అప్పటినుంచి సిక్కు లీవు. కంపెనీ మెడికల్ బోర్డు పిలుపు కోసం ఎదురుచూపు. బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే మామ ఇంటికి వస్తాడు, ఆయన నౌకరి కొడుక్కి వస్తుంది. రిటైర్మెంటుకు రెండేళ్ళ లోపే మిగిలి ఉంటే మాత్రం కొడుక్కి రాదు. మామకు ఆ గడువు వానలు పడేనాటికి దాటిపోతుంది. ఆలోపు వచ్చేది ఒక్క పిలుపే. రఘుపతి డిగ్రీ చదివి ఊరికే ఉన్నాడు. "పిలగానికి బాయి నౌకరి ఖాయం" అన్న మాట మీదే నన్ను ఈ ఇంటికి ఇచ్చారు.

ఓ మధ్యాహ్నం ఎండకు తలుపులన్నీ మూసుకుని కూలర్ ముందు కూచున్నాం. రఘుపతి, శాంతిరాజ్ ఆటలో ఉన్నారు. దగ్గర్లోని ఓపెన్‌కాస్టులో, నేల పైనుంచే తవ్వే గనిలో, బ్లాస్టింగ్ అయింది. అరలో గిన్నెలు అదిరాయి. మామకు చప్పుడు లేదు గానీ అరికాళ్ళకు తెలుస్తుంది. "కొట్టిండ్రు" అని తనలో తాను అనుకుని, లేచి వచ్చి కొడుకు వెనక కూచుని ఫోన్‌లోకి తొంగి చూశాడు.

"గీ మూల పాదం గుర్తేందిరా?" తన గొంతు తనకు వినబడదు గనక మామ ఏది మాట్లాడినా వీధికి వినబడుతుంది.

"అడుగుల సప్పుడు" అన్నాడు రఘుపతి తలెత్తకుండా. మామకు అందలేదు. నేను ఎదురుగా పోయి నేల మీద కాలు రెండుసార్లు కొట్టి, చెవి చూపించాను.

మామ కాసేపు నా కాలు చూశాడు, ఫోన్ చూశాడు. "అంటే ఎవడన్న నడిస్తే గీడ పాదం పడ్తదా? తుపాకి పేలిస్తే?"

తూటా గుర్తు చూపించాను.

"ఓరి వీళ్ళ... చెవులు తీసి కండ్లకు పెట్టిండ్రు గద బిడ్డా!"

ఇక అక్కణ్ణుంచి లేవలేదు. కొంచెం సేపటికి కొడుకు భుజం మీద ఒక్కటి చరిచాడు. "ఎన్క! ఎన్క మెట్ల కాడ ఇద్దరు!" రఘుపతి తిరిగాడు. నిజంగానే ఇద్దరు. ఇద్దర్నీ కొట్టాడు.

ఫోన్‌లోంచి చీరాల తమ్ముడు "అన్నా, ఎవరన్నా అది? పాముచెవుల్లా ఉన్నాయే!" అన్నాడు.

శాంతిరాజ్ నవ్వి నవ్వి దగ్గాడు. "మా కాకకు చెవులే లెవ్వు తమ్మీ. గందుకే గంత మంచిగ వినవడ్తాంది."

వాళ్ళ జట్టులో నాలుగోవాడు కరీంనగర్ పిలగాడు. హైదరాబాద్‌లో గోదాములో పని దొరికి ఆట మానేశాడు. ఆ ఖాళీలోకి మామ వచ్చాడు. నా ఫోన్ తీసుకున్నాడు. మొదటి నాలుగు రోజులు గోడలకు తుపాకి పేల్చాడు. ఒకసారి రఘుపతినే కొట్టి "నువ్వారా? మనోనివి అడ్డమెందుకు వస్తవ్" అని కొడుకునే కసిరాడు. తర్వాత వేలు కుదిరింది.

చిక్కు వేరే ఉంది. ఫోన్‌లో జట్టువాళ్ళు చెప్పే మాట మామకు ఎలా చేరాలి? మిషన్ల మోతలో బతికినవాళ్ళకు పెదాలు చూసి మాట పట్టడం కొంత వచ్చు. నేను ఎదురుగా కూచుని వాళ్ళన్నది గొంతు లేకుండా పెదాలతో అనేదాన్ని. ఇంటి మాటలైతే పట్టేవాడు, ఆట మాటల దగ్గర తడబడేవాడు. "నాక్" అంటే "ఆఁ? మళ్ళ జెప్పు" అనేవాడు. "డౌన్" అంటే నీళ్ళు కావాలా అని అడిగేవాడు.

ఎందుకో తెలియక ఒకరోజు చేతి అద్దం తీసుకుని ముగ్గురి మాటలూ ఒక్కొక్కటే చప్పుడు లేకుండా అని చూసుకున్నాను. నాక్. నోరు తెరుచుకోవడం తప్ప బయటికి ఏమీ లేదు, పనంతా నాలుక లోపలే కానిస్తుంది. లాగ్ కూడా అంతే. పడ్డ అన్నప్పుడు పెదాలు కలిసి విడిపోయాయి. లేపు అన్నప్పుడు చివర కలిశాయి. పాము, పింగ్, రెండూ గది అవతల నుంచైనా కనబడతాయి.

ఆ రోజు ఆట మొదలయ్యే ముందు చెప్పాను. "ఇగ అందరు పడ్డ అనే అనుండ్రి. నాక్ అంటే మామకు కనవడది."

నేను వాళ్ళ ఆటలో కల్పించుకోవడం అదే మొదలు. రఘుపతి, శాంతిరాజ్ నా మొహం చూశారు.

"దునియంత నాక్ అంటది. పడ్డ అంటే ఇజ్జత్ పోతది" అన్నాడు రఘుపతి.

"ర్యాంకు కిందికి పోయినప్పుడు ఏడికి పోయింది అన్నా గా ఇజ్జత్? వదిన చెప్పినట్టు అను" అన్నాడు శాంతిరాజ్.

అట్లా మా ఇంటికి ఒక వాడుక ఏర్పడింది. పడ్డ, లేపు చీరాలవి. పాము, పింగ్ శాంతిరాజ్‌వి. పై పళ్ళు కింది పెదవికి తగిలే "కవర్" రఘుపతిది. ఒక్క మాట మామ ఇచ్చాడు. ఆటలో నీలం గీత ఒకటి నలువైపుల నుంచి ముడుచుకుంటూ వస్తుంది, దాని బయట ఉన్నవాళ్ళు చస్తారు. అందరూ దాన్ని జోన్ అంటారు. ఆ మాట నా పెదాల మీద నిలవలేదు. మామ తెర వంక చూసి "కప్పు దిగుతాందను, అయిపాయె" అన్నాడు. కప్పు. పెదాలు గట్టిగా కలిసే మాట. అప్పటినుంచి ముగ్గురూ అదే పట్టుకున్నారు. "బాబాయ్, కప్పు దిగుతోంది, పరిగెత్తండి!" అని చీరాల తమ్ముడు అరిచేవాడు. నేను పెదాలతో అనేదాన్ని. అందరికన్నా ముందు ఉరికేది మామే.

ఒక సంగతి నాకు వింతగా ఉండేది. నేను ఏ మాట అన్నా ముందు బొటనవేలు ఎత్తి చూపించి, ఆ తర్వాతే ఆడేవాడు. ఆ రెప్పపాటులో రెండు మూడుసార్లు కూలబడ్డాడు కూడా.

"బాపు, ఏలెందుకు లేపుతవ్? ఆడు నువ్వు, ముందు ఆడు" అని రఘుపతి విసుక్కున్నాడు. నేను పెదాలతో చేరవేశాను.

"సైగ వస్తే జవాబు పోవాలె" అన్నాడు మామ. "బాయిల చీకట్ల దూరం నుంచి టోపి లైటు ఊపుతరు. నువ్వు తిరిగి ఊపకపోతే అవతలోడు ఏమనుకుంటడు? మనిషి పోయిండనుకుంటడు. పని ఇడిసిపెట్టి ఉరికొస్తడు. లైటుకు జవాబియ్యనోన్ని ఎన్కట బాయిల ఎవడు జత పట్టకపోతుండె."

అత్త సారలమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ముసలోని చేతుల తుపాకి, కోడలు మూగ సైగలు, కొడుకు సర్దారు. మంచిగున్నది మీ మిల్ట్రీ. పొయ్యి మీద బియ్యం ఎవలు పోస్తరు, గా చీరాలోడు వచ్చి పోస్తడా?"

నాకు పెదాలతో చెప్పాల్సిన పని లేకుండానే మామకు అది అర్థమైంది. నవ్వాడు. ఆయన నవ్వు కూడా గట్టిగానే ఉండేది.

మే నెల ముగుస్తుండగా బోర్డు పిలుపు వచ్చింది. ఆ మర్నాడే సదయ్య కాక మా ఇంటికొచ్చాడు. ఆయన అంతకుముందు ఏడు అన్‌ఫిట్ అయ్యాడు, కొడుకు నౌకరిలో చేరాడు. కాలనీలో బోర్డు సంగతి ఎవరు తెలుసుకోవాలన్నా ఆయన దగ్గరికే పోతారు. గుమ్మంలో నిలబడి మామ వెనక నుంచి "పోశన్నా! ఓ పోశన్నా!" అని కేక వేశాడు. మామ తిరగలేదు.

"షాబాష్" అన్నాడు సదయ్య కాక.

నేను ఎదురుగా ఉన్నాను. అలవాటుగా 'కాక వచ్చిండు' అన్నాను, పెదాలతోనే. మామ వెంటనే తిరిగి "రా సదయ్యా, కూసో. చాయ్ తాగుతవా?" అన్నాడు.

సదయ్య కాక నెత్తి కొట్టుకున్నాడు. "కొంప ముంచుతవ్ గదనే! రేపు డాక్టరు ఎదురుంగ కూసొని నీ పేరేంది అంటడు. పోశం అన్నవనుకో, అయిపాయె నీ కత."

నేను మాట అందించాను. మామ "నాకు వినవడకపోయినా?" అన్నాడు.

"వినవడకపోయినా! చెవుడు ఉండుడు వేరు, వాళ్ళకు కనవడుడు వేరు. బోర్డు కాడికి దినాం దొంగ చెవిటోళ్ళు వస్తరు. గందుకని వాళ్ళు అస్సలోన్ని గుడ నమ్మరు."

"చెవిటోనికి చెవుడు నేర్పుడేందిర దేవుడా" అంది అత్త. అయినా ఆ వారమంతా అదే పని. మామను గోడ వైపు కూచోబెట్టి వెనక పళ్ళెం జారవిడిచేవాళ్ళం. చప్పుడుకు ఆయన కదలడు. కానీ ఎదురుగా ఉన్న నా కళ్ళు మూసుకుపోవడం చూసి "ఏం పడ్డది?" అని తిరిగేవాడు. "మీరు మొకాలు గట్ల పెడ్తె నాకు తెల్వదా?" అని మమ్మల్నే అనేవాడు.

చివరికి సదయ్య కాకే ఉపాయం చెప్పాడు. "ఎవల మొకం సూడకు. మూతి అసలుకే సూడకు. ఎదురుంగ ఏమున్నదో గదే సూడు. గోడనో, గడియారమో, అద్దమో. మెడ తిప్పకు."

మామ నేర్చుకున్నాడు. ఏదైనా నేర్చుకుంటే గట్టిగా నేర్చుకునే మనిషి. బోర్డుకు ముందు మిగిలిన నాలుగు రోజులూ నా మొహం చూడలేదు. అన్నం పెట్టి 'ఇంకొంచెం వెయ్యనా మామా' అంటే కంచం వంక చూస్తూ కూచునేవాడు. ఆట కూడా ఆపించాం. ఆయనకు అన్నేళ్ళ నుంచీ వినబడదు. ఇంట్లో నిశ్శబ్దం మాత్రం నాకు ఆ నాలుగు రోజులే తెలిసింది.

బోర్డు కూచునే పెద్ద దవాఖానకు మేం ముగ్గురం పోయాం. వరండా నిండా బాయి మనుషులు. ఒకరికి నడుం, ఒకరికి ఊపిరి, ఒకరికి చూపు. ప్రతి ఒక్కరి పక్కన ఒక కొడుకో అల్లుడో.

మొదటి గదిలో డాక్టరు మామ పేరు అడిగాడు, ఊరు అడిగాడు, గట్టిగా అడిగాడు, మెల్లగా అడిగాడు. మామ గోడ గడియారం మీదినుంచి చూపు తీయలేదు. డాక్టరు కాగితం మీద రాసి చూపిస్తే అప్పుడు చెప్పాడు. బయటికి వచ్చాక రఘుపతి నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. నలుగురిలో అట్లా పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఒకటి గెలిచినం. ఇంకొక్కటే" అన్నాడు. "గీ గదిల చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ పెడ్తరు, చేతికి బటన్ ఇస్తరు. సప్పుడు వినవడ్తె నొక్కాలె. బాపుకు వినవడది. ఉత్తగ కూసునుడే."

మామకు అదే కాగితం మీద రాసి చూపించాడు. మామ తలూపి లోపలికి పోయాడు. రఘుపతి నీళ్ళు తాగివస్తానని నల్లా వైపు నడిచాడు.

తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి చూశాను. మామ ఒక అద్దాల అర లోపల నాకు పక్కవాటుగా కూచుని ఉన్నాడు. వెనక, అర బయట, ఒక కుర్ర డాక్టరు మిషన్ ముందు తల వంచుకుని మీటలు తిప్పుతున్నాడు. మామ మెడ తిప్పలేదు. మేం చెప్పినట్టే ఎదురుగా ఉన్న అద్దాన్నే చూస్తున్నాడు. మంచిగ చేస్తున్నాడనుకున్నాను.

అప్పుడు ఆ అద్దంలో ఎర్రగా ఏదో మెరిసింది. మిషన్ మీద చిన్న లైటు. డాక్టరు చప్పుడు పంపినప్పుడల్లా వెలుగుతున్నట్టుంది, దాని నీడ మామ ఎదుటి అద్దంలో పడుతోంది. ఒకసారి వెలిగి ఆరింది. ఇంకోసారి వెలిగింది.

మామ బొటనవేలు కదిలింది.

లైటు వెలిగింది, వేలు కదిలింది. తెర మూలన పాదం గుర్తు పడగానే కదిలినట్టే, అంత వడిగా. డాక్టరు ఏదో తిప్పాడు. చప్పుడు తగ్గిస్తున్నాడేమో, లైటు తగ్గలేదు కదా. మళ్ళీ వెలిగింది. మళ్ళీ కదిలింది.

తలుపు కొడితే డాక్టరు వింటాడు, మామ వినడు. నేను అద్దానికి దగ్గరగా జరిగి "మామా, వద్దు" అన్నాను, గొంతు లేకుండా. రెండూ బాగా కనబడే మాటలే. మళ్ళీ అన్నాను. కొంచెం మెడ తిప్పితే చాలు, కనబడతాను.

మామ మెడ తిప్పలేదు.

"అమ్మా, పక్కకు జరుగు, వేరేవాళ్ళున్నరు" అన్నాడు వార్డు మనిషి. జరిగాను.

తిరుగు బస్సులో రఘుపతి మా ముందు సీట్లో కూచున్నాడు. నేను చూసింది ఆయనకు చెప్పలేదు. చెబితే ఏమౌతుందో నాకు తెలియలేదు. మామ కిటికీ పక్కన కూచుని తన బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూ ఉన్నాడు. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడ్డాయి. అప్పుడు నా మొహం చూశాడు. అన్ని రోజుల తర్వాత.

"బిడ్డా, అద్దంల లైటు కనవడ్డది."

నేను తలూపాను.

"ఎర్రది. ముందుగాల ఊకున్న. మళ్ళ వెలిగింది. ఎవలో అవతలి నుంచి పిలుస్తాన్నట్టే ఉండె."

బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. మామకు తన గొంతు తెలియదు.

"జవాబిచ్చిన" అన్నాడు. బొటనవేలు చూసుకుని "ఒక్కటి గుడ పోనియ్యలే" అన్నాడు. ఆ మాటలో కొంత గర్వం దొర్లింది. అది ఆయనకే తెలిసి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

రఘుపతి వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మీద చెమట కారుతోంది, తుడుచుకోలేదు.

ఫలితం కొన్నాళ్ళకు ఆఫీసు నుంచి తెలిసింది. రఘుపతి వచ్చి గుమ్మంలో చెప్పులు విడవకుండానే "ఫిట్" అన్నాడు. ఫిట్ అనేటప్పుడు కింది పెదవి పై పళ్ళకు తగులుతుంది. మామకు నేను అందించే పని పడలేదు.

రఘుపతి యూనియన్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. మళ్ళీ పరీక్షకు పెట్టుకోవచ్చన్నారు. దాని వంతు వచ్చేది చలికాలంలో. గడువు అప్పటికే దాటి ఉంటుంది. మిషన్ రాసిచ్చిన కాగితంలో మామ చెవులు పడుచువాడి చెవుల్లా ఉన్నాయట. ముందు దవాఖాన కాగితాల్లో చెవుడని ఉంది గనక, అప్పుడు నటించాడని అనుకున్నారు. కాలనీ కూడా అదే అనుకుంది.

"గన్ని దినాలు నేర్పినం. చెవుడు గుడ నటించరాకపాయె" అన్నాడు సదయ్య కాక నల్లా దగ్గర, నాకు వినబడేలా. ఆయన తప్పు లేదు. వినబడక, లైటు చూసి నొక్కాడంటే ఎవరు నమ్ముతారు?

ఇంట్లో రఘుపతి ఒక్కసారే అన్నాడు. అన్నం ముందు కూచుని, తల ఎత్తకుండా, తండ్రికి కనబడకుండా. "నేనే గద నేర్పింది. సప్పుడు కండ్లతోని సూడుమని."

"గా లైటు నువ్వు నేర్పలే, బాయి నేర్పింది" అంది అత్త. "తిను."

ఆ సాయంత్రం మామ నా ఫోన్ తెచ్చి తుడిచి నా చేతిలో పెట్టాడు. "ఇగ నీదే బిడ్డా" అన్నాడు.

మర్నాటి నుంచి డ్యూటీ. టోపీ, బూట్లు, బెల్టు. మామ రోజూ గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగేవాడు. నేను 'పైలం' అనేదాన్ని, జాగ్రత్త అని. మొదట్లో పెదాలు కలుస్తాయి, చివర్లో పెదాలు కలుస్తాయి. బొటనవేలు ఎత్తి చూపించి పోయేవాడు. ఇప్పటికీ అంతే.

కొమురెల్లి వచ్చి అత్తకు ధైర్యం చెప్పాడు. "నేనుంట గద చిన్నమ్మా. కాకను కండ్లల్ల పెట్టుకుంట. కప్పు పలికితె బెల్టు పట్టి గుంజుకస్త." వానలు పడ్డాక కొమురెల్లిని వేరే బాయికి మార్చారు. మామకు ఇప్పుడు జత కొత్తవాళ్ళు. వాళ్ళకు ఈయన చెవుడు దొంగ చెవుడని తెలుసు.

గడువు దాటిన రోజు ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. రఘుపతి కాంట్రాక్టరు దగ్గర ఓపెన్‌కాస్టు మట్టి పనికి పోతున్నాడు. వచ్చి స్నానం చేసి పడుకుంటాడు. శాంతిరాజ్ అప్పుడప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడి "అన్న లేడా వదినా" అని, సమాధానం తెలిసే అడిగి, పోతాడు.

నిన్న మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ఆటలోంచి పిలుపు. ఎందుకో తీశాను.

"బాబాయ్ ఉన్నారా?" చీరాల తమ్ముడు. నేను మాట్లాడకపోతే మళ్ళీ అడిగాడు. "అక్కా, మీరేనా? రఘన్న ఆన్‌లైన్‌కే రావట్లేదు. బాబాయ్ లేకపోతే కప్పు దిగేటప్పుడు మాకు దిక్కులేదక్కా."

"డ్యూటీకి పోయిండు" అన్నాను.

"ఏం డ్యూటీ అక్కా? ఈ వయసులోనా?"

ఒళ్ళోని చేట పక్కకు జరిపాను.

"సరే అక్కా. వచ్చాక చెప్పండి, ఇక్కడ మా వాళ్ళందరూ జోన్‌ని కప్పు అనే అంటున్నారు. కొత్తగా చేరినోళ్ళు కూడా. ఎక్కడి మాట అంటే మా బాబాయ్ మాట అని చెబుతున్నా." అవతల ఎవరో అరిచారు. "ఉంటానక్కా, కప్పు దిగుతోంది" అని నవ్వుతూ పెట్టేశాడు.

ఫోన్ పక్కన పెట్టి బియ్యం చేట దగ్గరికి లాక్కున్నాను. ఎదురుగా అత్త చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అప్పుడు అదిరింది. అరలో గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి. రోజూ ఆ వేళకు అయ్యే బ్లాస్టింగే, వేరే ఏమీ కాదు. అయినా ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. రోజూ ఆగిపోతాయి. గిన్నెలు నిలబడి, వెనకాల ప్రమాదం సైరన్ లేదని తేలేదాకా ఎవరం కదలం.

నేను తలెత్తేసరికి అత్త పెదాలు కదులుతున్నాయి. గొంతు లేదు. పెదాలు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి, మళ్ళీ కలుస్తున్నాయి. చదవడం నాకు వచ్చు, రోజూ గేటు దగ్గర నేననే మాటే.

తల దించుకుని బియ్యంలో రాళ్ళు వెతుక్కున్నాను.